కట్టెల స్టవ్ ముట్టించగానే ఇల్లంతా పొగ: ముందు గొట్టం సంగతి చూడండి

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. అద్దం తలుపున్న ఇనప కట్టెల స్టవ్, వెనక గోడలోంచి బయటికెళ్లి ఇంటికప్పు పైదాకా లేచే పొగగొట్టం. ముట్టించిన మొదటి పది నిమిషాలు పొగంతా గదిలోకే వస్తోంది, ఒకసారి రాజుకున్నాక బాగానే మండుతోంది, మళ్లీ కట్టె వేద్దామని తలుపు తీస్తే గుప్పుమని మొహానికి కొడుతోంది. కాగితాలు ఎక్కువ పెట్టి చూశారు, ఊది ఊది కళ్లు మండిపోయాయి, ఇక కొంచెం కిరసనాయిలు చల్లితే సరిపోతుందా అని అడుగుతున్నారు.

ఆ చివరిదాని సంగతి ముందు తేల్చేద్దాం. కిరసనాయిలు, పెట్రోలు, డీజిలు, శానిటైజరు, వీటిలో ఏదీ వద్దు. మూసిన ఇనప పెట్టెలో వాటి ఆవిరి నిండుతుంది, అగ్గిపుల్ల గీసేసరికి ఒక్కసారిగా అంటుకుని తలుపులోంచి మీ మీదికే వస్తుంది. బూడిద కింద రాత్రి నిప్పు మిగిలి ఉంటే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. పైగా మీ స్టవ్‌లో మంట అంటుకుంటూనే ఉంది కదా, దాని పొగ ఎటు పోతోందన్నదే తేలాలి. ఆ పనికి కిరసనాయిలు ఎందుకూ పనికిరాదు.

మీ మాటల్లోనే సగం జవాబు ఉంది. మొదట్లో పొగ, తర్వాత బాగుంది అంటే గొట్టం పూర్తిగా మూసుకుపోలేదు, స్టవ్ చెడిపోలేదు, గొట్టం చల్లగా ఉంది, అంతే. మొదటి నుంచి చివరిదాకా పొగ వస్తూనే ఉంటే అది వేరే కథ, దాని గురించి కింద చెప్తాను.

పొగని పైకి లాగేది గొట్టం. గొట్టంలో ఉన్న గాలి బయటి గాలి కంటే వేడిగా ఉంటే తేలికై పైకి లేస్తుంది, అది వదిలిన చోటికి స్టవ్‌లోంచి, స్టవ్‌లోకి గదిలోంచి గాలి వస్తుంది. ఈ లాగుడు ఎంత బలహీనమైనదో చాలామందికి తెలియదు. 5 మీటర్ల గొట్టం, బయట 10 డిగ్రీలు, గొట్టం లోపల సగటున 150 డిగ్రీలు ఉన్నాయనుకోండి, లాగే బలం సుమారు 20 పాస్కల్స్ వస్తుంది. మన చుట్టూ ఉన్న గాలి పీడనమే దాదాపు లక్ష పాస్కల్స్, అందులో ఈ 20 ఏ మూలకి? అయినా స్టవ్‌కి అది చాలు, చాలా స్టవ్‌లని పరీక్షించేదే 12 పాస్కల్స్ లాగుడు దగ్గర. కానీ అదే గొట్టంలో గాలి 15 డిగ్రీల దగ్గరే ఉన్నప్పుడు లెక్క వేస్తే వచ్చేది 1 పాస్కల్. అంటే మీరు అగ్గిపుల్ల గీసే సమయానికి కావాల్సిన దాంట్లో పదో వంతు కూడా మీ దగ్గర లేదు. ఆ పూట వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే, తలుపులూ కిటికీలూ బిగుతుగా మూసిన ఇంట్లో, అదొక్కటే 5 పాస్కల్స్ దాకా ఎదురు లాగగలదు. ఇక ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు.

మీ గొట్టం గోడ బయటినుంచి వెళ్తోంది కాబట్టి ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఇంటి మధ్యలోంచి పైకి వెళ్లే గొట్టం స్టవ్ ఆరిపోయి ఉన్నా ఇంటి వెచ్చదనంతో కొంత వెచ్చగానే ఉంటుంది. గోడ బయట ఉన్నది రాత్రంతా చలికి నానుతుంది. అందులో చల్లగాలి బరువుగా దిగి, సీసాకి బిరడా కొట్టినట్టు కూర్చుంటుంది. చాలాసార్లు ఊరికే కూర్చోదు కూడా, మెల్లగా కిందికి, స్టవ్‌లోంచి గదిలోకి కారుతూ ఉంటుంది. ఎందుకంటే బయటికంటే వెచ్చగా ఉన్న ఇల్లు కూడా ఒక పొగగొట్టమే. వెచ్చని గాలి మేడమీది కిటికీ సందుల్లోంచి, అటక సందుల్లోంచి బయటికి పోతుంది, కింద ఎక్కడ దారి దొరికితే అక్కడినుంచి బదులు గాలి లోపలికి వస్తుంది. కింది అంతస్తులో మీ స్టవ్ ఉంటే ఆ దారి మీ పొగగొట్టమే అవుతుంది. స్టవ్ సెల్లార్‌లో ఉంటే మరీ ఘోరం.

అందుకని కాగితం ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. స్టవ్ తలుపు తీసి, లోపల పైభాగాన గొట్టంలోకి వెళ్లే సందు దగ్గర చెయ్యి పెట్టండి. చల్లగా చేతిమీదికి గాలి దిగుతున్నట్టు తెలుస్తుందా? తెలియకపోతే ఒక అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, దాని పొగని తలుపు దగ్గర పట్టుకోండి. ఆ సన్నటి పొగ లోపలికి వంగి పైకి పోతే మీకు తిరుగులేదు, వెలిగించేయండి. నిటారుగా లేచి అక్కడే తచ్చాడుతుంటే గొట్టాన్ని కాస్త వేడి చేయాలి. మీ వైపు, గదిలోకి వంగిందంటే మాత్రం అప్పుడు ముట్టించడం అంటే కావాలని పొగ పెట్టుకోవడమే. అర నిమిషం పని ఇది. నన్నడిగితే కట్టెలు ఎలా పేర్చాలన్న చర్చలన్నిటి కంటే ఇది ముఖ్యం. కానీ చేసేవాళ్లు తక్కువ, అందరూ నేరుగా కాగితం నలపడం మొదలుపెడతారు.

పొగ మీ వైపు వంగితే ముందు ఇంట్లో గాలిని లాగేవన్నీ ఆపండి. వంటింటి చిమ్నీ, బాత్‌రూమ్ ఫ్యాన్, బట్టలు ఆరబెట్టే మెషీన్ ఉంటే అదీ. మేడమీద కిటికీలు మూసేయండి, మెట్ల దగ్గర తలుపుంటే అదీ వేసేయండి. తర్వాత స్టవ్ ఉన్న గదిలోనే, స్టవ్ ఎత్తుకి దగ్గరగా ఉన్న కిటికీ ఒకటి నాలుగు వేళ్లంత తెరవండి. ఇక్కడ పొగ వస్తోంది కదా అని మేడమీది కిటికీలు తీసేవాళ్లున్నారు, అది సరిగ్గా తిరగబడుతుంది, పై కిటికీ తీస్తే ఇల్లు ఇంకా గట్టిగా లాగుతుంది, పొగ ఇంకా లోపలికి వస్తుంది. తీసేది కింది కిటికీ, వీలైతే గాలి వీస్తున్న వైపుది. గాలి తగలని వైపు, అంటే ఇంటి చాటున ఉన్న కిటికీ తీస్తే ఒక్కోసారి అదే గదిలోంచి గాలిని బయటికి గుంజేస్తుంది. కిటికీ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ అగ్గిపుల్ల పొగతో చూడండి. చాలా ఇళ్లలో ఇంతటితోనే పొగ దిక్కు మారుతుంది.

అప్పటికీ మారకపోతే గొట్టాన్ని వేడి చేయాలి. ఒక న్యూస్‌పేపర్ కాగితాన్ని వదులుగా మెలితిప్పి, ఒక కొస వెలిగించి, స్టవ్ లోపల వీలైనంత పైన, గొట్టం సందు దగ్గర పట్టుకోండి. చేతికి మందపాటి తోలు గ్లోవ్ వేసుకోండి. మొదట మంట మీ వైపే నాలుకలు చాపుతుంది, కాసేపు అటా ఇటా అని ఊగుతుంది, ఉన్నట్టుండి పైకి సాగి, సన్నగా గుర్రుమని చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే బిరడా ఊడింది. ఒక కాగితంతో కాకపోతే ఇంకోటి. మెరిసే రంగుల కాగితం వద్దు, సరిగా మండదు, పైగా దాని పొర తెల్లటి పెచ్చులై గొట్టంలో పైకెగురుతుంది. ఇక బాగా మొండి గొట్టమైతే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి రెండు మూడు నిమిషాలు ఆ సందులోకి కొట్టండి, నిప్పే లేదు కాబట్టి పొగ అనే మాటే రాదు. కానీ బూడిదలో నిప్పు లేదని చూసుకున్నాకే, లేకపోతే బూడిదా నిప్పురవ్వలూ గదినిండా ఎగురుతాయి.

స్టవ్ పైకప్పు లోపల అడ్డంగా ఒక పలక ఉంటుంది, పొగ నేరుగా గొట్టంలోకి పోకుండా చుట్టు తిరిగి వెళ్లేలా. కొన్ని స్టవ్‌లలో ఆ పలకని తప్పించి నేరుగా గొట్టంలోకి దారిచ్చే మీట ఒకటి వేరుగా ఉంటుంది. ముట్టించేటప్పుడు అది తెరిచి ఉండాలి, వేడెక్కాక మూయాలి. మీ స్టవ్‌కి ఉందో లేదో ఒకసారి మాన్యువల్ చూడండి. ఇలాంటి మీట ఉందనే తెలియకుండా ఏళ్ల తరబడి పొగతో కుస్తీ పట్టేవాళ్లు ఉన్నారు. గొట్టంలో డ్యాంపర్ (తిప్పితే గొట్టం దారిని మూసే, తెరిచే పలక) ఉంటే అదీ పూర్తిగా తెరవండి. కింది గాలి మీట, పై గాలి మీట రెండూ పూర్తిగా తెరవండి. కట్టె ఆదా చేద్దామనే ఆలోచన మొదటి పావుగంట పక్కన పెట్టేయండి.

ఇప్పుడు పేర్చడం. కింద కాగితం, దానిమీద పుల్లలు, పైన కట్టెలు పెట్టి కింద ముట్టించడం మనందరికీ చేతికి అలవాటైన పద్ధతి. తెరిచిన పొయ్యికి అది బాగుంటుంది. మూసిన ఇనప స్టవ్‌లో పొగకి అదే కారణమవుతుంది. కట్టెలో మండేది ఎక్కువగా కట్టె కాదు, దాన్నుంచి వచ్చే ఆవిరులు. ఎండు కట్టె బరువులో ముప్పావు వంతు దాకా అలా ఆవిరిగానే బయటికొస్తుంది. అవి మంటలోంచి వెళ్తే మండిపోతాయి, మంట తగలకుండా వెళ్తే వాటినే మనం పొగ అంటాం. కింద ముట్టించినప్పుడు చిన్న మంట పైనున్న పెద్ద కట్టెలన్నిటికీ ఒకేసారి సెగ తగిలిస్తుంది, అవి ఆవిర్లు వదలడం మొదలుపెడతాయి, వాటిపైన వాటిని కాల్చడానికి మంట లేదు. గొట్టం ఇంకా చల్లగానే ఉంది. అంటే పొగ అత్యధికంగా పుట్టే సమయమూ, గొట్టం అతి తక్కువగా లాగే సమయమూ ఒకటే అయి కూర్చుంటాయి.

తలకిందులుగా పేర్చండి. అడుగున పెద్ద కట్టెలు రెండో మూడో, మధ్యలో రెండు వేళ్లంత సందు వదిలి. వాటిమీద అడ్డంగా మణికట్టు లావు చీలికలు. వాటిపైన బొటనవేలు లావు పుల్లలు అటూ ఇటూ గళ్లుగా రెండు మూడు వరుసలు. అన్నిటికంటే పైన సన్నటి పేళ్లు, బెరడు ముక్కలు, వాటి మధ్యలో ముడి వేసిన కాగితాలో, మైనం కలిపిన రంపపు పొట్టు ముక్కో పెట్టి పైనే ముట్టించండి. కాగితాన్ని ముడి వేయమన్నది ఎందుకంటే ఊరికే ఉండచుడితే మండుతూ విచ్చుకుని పుల్లల మీంచి జారిపడుతుంది. మంట పైనే మొదలవుతుంది కాబట్టి దాని వేడి తిన్నగా గొట్టానికి పోతుంది, ఐదు నిమిషాల్లో గొట్టం పని మొదలుపెడుతుంది. కింది కట్టెలు వేడెక్కి వదిలే ఆవిర్లు పైనున్న మంటలోంచే వెళ్లాలి కాబట్టి అక్కడే మండిపోతాయి. నిప్పు నిదానంగా ఒక్కో వరుసా కిందికి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది ఆరిపోతుందేమో అనే టెన్షన్ ఉంటుంది, చెయ్యి పెట్టి కెలకాలనిపిస్తుంది. కెలకకండి. పుల్లలు సరిపడా ఉండి, కట్టె ఎండినదైతే ఆరిపోదు. ఆరిపోయిందంటే పుల్లలు చాలలేదని అర్థం, అందరూ చేసే పిసినారితనం అక్కడే. పెద్ద కట్టె అంటుకోవడానికి మీరనుకున్న దానికి రెట్టింపు పుల్లలు కావాలి.

ఒక మినహాయింపు ఉంది. స్టవ్ లోపలి పెట్టె మరీ చిన్నదైతే ఇన్ని వరుసలు పట్టవు, పైకప్పు పలకకి తగిలేంత ఎత్తు పేర్చడం మంచిది కాదు. అప్పుడు అడుగున ఒక్క వరుస చీలికలు వేసి, మిగతా అంతా పుల్లలతోనే చిన్న మంట చేసుకోండి, అది నిప్పులయ్యాక పెద్ద కట్టె వేయొచ్చు.

ముట్టించాక తలుపు పూర్తిగా మూయకుండా ఒక వేలు సందు ఉంచితే బయటిగాలి వేగంగా లోపలికి దూకి మంట లేస్తుంది. ఐదారు నిమిషాలు, అంతే, ఆ కాసేపూ స్టవ్ ముందునుంచి కదలొద్దు. అలా వదిలేసి ఫోన్ మాట్లాడుకోడానికి వెళ్తే రవ్వ కార్పెట్ మీద పడొచ్చు, లేదా స్టవ్ మితిమీరి వేడెక్కొచ్చు. మంట నిలదొక్కుకుని గొట్టం చిన్నగా చిటపటమంటూ వేడెక్కుతున్నట్టు తెలియగానే తలుపు మూసి గడియ వేయండి, మూసినా మంట కుంగకపోతే తెరిచిన కిటికీని కూడా మెల్లగా మూసి చూడండి. కిటికీ మూయగానే మంట నీరసించిందంటే మీ ఇంట్లోకి గాలి వచ్చే దారే చాలట్లేదు. అప్పుడు స్టవ్‌కి బయటినుంచి విడిగా గాలి గొట్టం పెట్టించుకోవడం శాశ్వత పరిష్కారం, ఈమధ్య వస్తున్న స్టవ్‌లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉంటుంది.

కట్టె గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే పై పనులన్నీ సరిగ్గా చేసి పచ్చికట్టె పెడితే అన్నీ వృథా. అప్పుడే కొట్టిన చెట్టు కట్టెలో బరువులో దగ్గర దగ్గర సగం నీళ్లుంటాయి. ఐదు కిలోల కట్టె వేశారంటే రెండు కిలోల పైచిలుకు నీళ్లు స్టవ్‌లో పోసినట్టే, అవన్నీ మరిగి ఆవిరయ్యేదాకా కట్టె సరిగ్గా మండదు, ఆ నీటి ఆవిరి గొట్టాన్ని చల్లబరుస్తుంది, లాగుడు పడిపోతుంది, పొగ వెనక్కి తంతుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. తేమ కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది, కానీ దాన్ని కట్టె పైపైన గుచ్చి చూస్తే లాభం లేదు, పైన ఎప్పుడూ ఎండే ఉంటుంది. కట్టెని అప్పటికప్పుడు చీల్చి, ఆ కొత్త ముఖం మధ్యలో గుచ్చి చూడాలి. మీటర్ లేకపోతే రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టండి, ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో నెర్రెలు విచ్చి ఉండటం, బెరడు చేత్తో లాగితే ఊడిరావడం కూడా మంచి గుర్తులే, కానీ నెర్రెలొక్కటే చూసి నమ్మకండి, కొసలు నెలకే పగులుతాయి, లోపల పచ్చి అలాగే ఉంటుంది. స్టవ్‌లో వేశాక కట్టె కొసన నురుగు బుడబుడమని వచ్చి సుయ్‌మని చప్పుడు చేస్తోందా, అయితే ఇక ఏ పరీక్షా అక్కర్లేదు, అది పచ్చిదే.

ఎండబెట్టడం అంటే చీల్చి ఎండబెట్టడం. గుండ్రటి మొద్దులు బెరడుతో అలాగే పడేస్తే ఏళ్లు పట్టినా లోపల తడి పోదు. చీల్చి, నేలకి తగలకుండా ఎత్తు మీద, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే కప్పండి. పక్కల కూడా టార్పాలిన్ చుట్టేస్తే తడి లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. మెత్తటి కట్టెకి ఆరు నెలలు సరిపోవచ్చు, గట్టి చేవ కట్టెకి ఏడాది నుంచి రెండేళ్లు. అమ్మేవాళ్లు ఎండుకట్టె అని చెప్పింది నమ్మకుండా ఒకటి చీల్చి చూపించమనండి. రంగు వేసినవి, మందు పట్టించినవి, ప్లైవుడ్ ముక్కలు స్టవ్‌లో అసలు పెట్టొద్దు, ఆ పొగ మామూలు కట్టెపొగ కంటే విషం.

ఇక మీ రెండో బాధ, కట్టె వేద్దామని తలుపు తీస్తే పొగ కొట్టడం. ఇది ఎప్పుడు తీస్తున్నారన్న దానిమీద ఉంది. మంట పెద్దదిగా, కట్టె ఇంకా ఆవిర్లు వదులుతున్నప్పుడు తీస్తే వస్తుంది. మంటలు తగ్గి, ఎర్రటి నిప్పులు మిగిలినప్పుడు తీస్తే రాదు, నిప్పుల్లో పొగ దాదాపు ఉండదు. అప్పుడు కూడా ముందు గాలి మీటలు, డ్యాంపర్ పూర్తిగా తెరిచి ఒక నిమిషం ఆగండి. తలుపు గడియ తీసి ఒక వేలు సందు పెట్టి పది ఇరవై సెకన్లు ఉంచండి. లోపలా బయటా సర్దుకున్నాక మెల్లగా తెరవండి. ఒక్కసారిగా లాగితే తలుపే విసనకర్రలా పనిచేసి లోపలి పొగని బయటికి తోడేస్తుంది. తెరిచాక నిప్పుల్ని ముందుకి లాగి, వాటి వెనక, వాటిమీద కొంచెం ఆనేలా కట్టె పెట్టి మూసేయండి, మంట అందుకునేదాకా గాలి తగ్గించొద్దు. రాత్రంతా నిలవాలని స్టవ్ నిండా కట్టెలు కుక్కి గాలి మొత్తం బిగించేసే అలవాటుంటే మానుకోండి. అలా ఉక్కిరిబిక్కిరైన మంట పొగ రాత్రంతా గొట్టంలో చల్లబడి తారులా అంటుకుంటుంది.

ఆ తారు సంగతి కొంచెం చెప్పాలి. గొట్టం లోపలి గోడలు సుమారు 120 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పొగలోని ఆవిర్లు, నీరు వాటిమీద పేరుకుంటాయి. మొదట మసి, తర్వాత నల్లటి జిగురు, చివరికి మెరిసే గాజులాంటి పొర. రెండు నష్టాలు. దారి ఇరుకై పొగ వెనక్కి వస్తుంది, అది చిన్నది. పెద్దది ఏమిటంటే ఆ పొర ఒకరోజు అంటుకుంటుంది, గొట్టంలో మంటలు లేచి ఇంటికప్పుకి తగులుతాయి. పొర 3 మిల్లీమీటర్లు దాటితే శుభ్రం చేయించాల్సిందే, అంత దాకా రాకపోయినా ఏడాదికోసారి చలి మొదలయ్యే ముందు గొట్టం దులిపించడం తప్పనిసరి. గొట్టానికి అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి, స్టవ్ మరీ నీరసంగా మండుతోందా, మరీ మితిమీరిందా అని ఒక్క చూపులో తెలుస్తుంది. బయటికెళ్లి గొట్టం కొస చూడటం కూడా మంచి అలవాటే. ముట్టించిన ఇరవై నిమిషాల తర్వాత కూడా దట్టంగా పొగ వస్తోందంటే కట్టె పచ్చిదన్నా అయ్యుండాలి, గాలి చాలట్లేదన్నా అయ్యుండాలి. బాగా మండుతున్న స్టవ్ గొట్టం మీద వేడిగాలి రెపరెపలు తప్ప పెద్దగా ఏమీ కనపడదు.

కట్టె ఎండినదే, గొట్టం వేడెక్కింది, కిటికీ తెరిచే ఉంది, అయినా పొగ ఆగట్లేదు అంటే అప్పుడు పైకి చూడాలి. గొట్టం కొసన టోపీ కింద పిట్టలు రాకుండా వేసే జల్లెడ ఉంటే అది మసితో పూడిపోవడం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. తర్వాతది స్టవ్ లోపలి పలకమీద మసి రాలి గుట్టపడటం, గొట్టం దులిపినప్పుడు ఆ మసి అక్కడే పడుతుంది, చాలామంది దాన్ని తీయడం మర్చిపోతారు. పిట్టగూడు కూడా అరుదేం కాదు. ఇవేవీ లేకపోతే కట్టడంలోనే లోపం ఉంది. గొట్టం మొత్తం ఎత్తు నాలుగున్నర మీటర్ల కంటే తక్కువైతే చాలా స్టవ్‌లు మొరాయిస్తాయి. 90 డిగ్రీల వంపు ఒక్కోటీ లాగుడుని తినేస్తుంది, మీ గొట్టం గోడలోంచి వెళ్తోంది కాబట్టి అడ్డంగా సాగిన ముక్క ఎంత పొడవుందో, అది గోడ వైపు కొంచెమైనా ఎత్తుకి లేస్తోందో లేదో చూడండి. స్టవ్ మూతికంటే బాగా వెడల్పైన పాత ఇటుక చిమ్నీలోకి గొట్టం కలిపితే పొగ అందులో విస్తరించి చల్లబడి నెమ్మదిస్తుంది, అప్పుడు లోపల సరైన కొలత స్టీల్ గొట్టం దించాలి.

గాలి వీచినప్పుడు మాత్రమే దపాదపా పొగ తన్నుతోందంటే గొట్టం కొస పొట్టిదని అనుమానించాలి. చుట్టూ 3 మీటర్లలో ఉన్న కప్పు, గోడ, దేనికంటే అయినా కనీసం 60 సెంటీమీటర్లు ఎత్తులో కొస ఉండాలన్నది సాధారణంగా పాటించే లెక్క. పక్కన పెద్ద చెట్టు, ఎత్తైన మేడ ఉంటే దానిమీంచి దొర్లిన గాలి గొట్టంలోకి దిగుతుంది, దానికి టోపీ మార్చడమో, గొట్టం పొడిగించడమో తప్ప కింద మీరు ఏం చేసినా తేడా రాదు. ఇక చలి పెద్దగా లేని రోజుల్లో, ముఖ్యంగా బయట ఇంట్లో కంటే వెచ్చగా ఉన్న మధ్యాహ్నాల్లో, మంచి గొట్టం కూడా లాగదు. అలాంటి రోజు స్టవ్ వెలిగించాల్సిన అవసరం ఏముందో ఒకసారి ఆలోచించండి. సరదాకే అయితే చిన్నగా, పుల్లలతో, చురుగ్గా మండే మంట చాలు.

స్టవ్ కొత్తదైతే ఇంకోటి. మొదటి రెండు మూడుసార్లు వచ్చే పొగలో కొంత స్టవ్ ఒంటిమీది రంగుదే. వేడికి అది గట్టిపడేటప్పుడు పైనుంచి సన్నగా పొగ, ఘాటు వాసన వస్తాయి. గొట్టంతో దానికి సంబంధం లేదు. కిటికీలన్నీ బార్లా తెరిచి, చిన్న మంటతో మొదలుపెట్టి ఒక్కోసారికి కొంచెం పెంచుకుంటూ పోతే అదే పోతుంది. పాత స్టవ్ అయితే తలుపు చుట్టూ ఉండే తాడులాంటి పట్టీ చూడండి. ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట పట్టీ అరిగింది, మార్చాలి.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. కంటికి కనపడే పొగ మిమ్మల్ని దగ్గిస్తుంది, లేపుతుంది. ఆరిపోతున్న నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా రెండూ లేవు, అది వచ్చేది మంట తగ్గి గొట్టం చల్లబడుతున్న అర్ధరాత్రి, సరిగ్గా లాగుడు మళ్లీ బలహీనపడే సమయంలో. ముట్టించేటప్పుడు పొగ వెనక్కి తన్నే గొట్టం ఆరేటప్పుడూ వెనక్కి తన్నగలదు. అందుకే నిప్పులు ఎర్రగా ఉండగా గొట్టం డ్యాంపర్ ఎప్పుడూ పూర్తిగా మూయకూడదు, పడుకునే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లు ఆపేయాలి, స్టవ్ ఉన్న గదిలో ఒకటి, పడకగది దగ్గర ఒకటి కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. బూడిద తీసినప్పుడు మూతున్న ఇనప బకెట్‌లోకే తీసి ఆరుబయట పెట్టండి, పైకి చల్లగా కనపడే బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. అలాగని స్టవ్ మొత్తం ఊడ్చేయకండి, అడుగున రెండు వేళ్ల మందం బూడిద ఉంటే కట్టె త్వరగా అంటుకుంటుంది.

రేపు పొద్దున ముట్టించే ముందు అగ్గిపుల్ల పొగ ఎటు వంగిందో చూసి, కింది కిటికీ తీసి, పైన ముట్టించి చూడండి. అప్పటికీ తేడా రాకపోతే గొట్టం మొత్తం ఎత్తు, అందులో వంపులెన్ని, అడ్డం ముక్క పొడవెంత, కొస ఇంటికప్పుకి ఎంత ఎత్తున ఉంది, కట్టె చీల్చి ఎన్నాళ్లయింది అన్నవి చెప్పండి. ఆ వివరాలతో లోపం ఎక్కడుందో చాలావరకు పట్టుకోవచ్చు.